గది ఒక్కటే, పక్క వేరు

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది విజయవాడ. మా బాబుకు ఐదో నెల నడుస్తోంది. నెలలు నిండి పుట్టాడు, తల్లిపాలే తాగుతున్నాడు, వారం రోజులుగా బోర్లా పడుతున్నాడు. జనవరిలో మా అత్తవారి తరఫు వాళ్ళమంతా కలిసి మూడు రాత్రులు అరకులో గడపాలని అనుకున్నాము. అత్తయ్య, మామయ్య, బావగారు, తోడికోడలు, వారి పిల్లలిద్దరు, ఆడపడుచు దంపతులు, వారి పాప, మేము ముగ్గురం, వెరసి పన్నెండు మందిమి. అద్దెకు తీసుకున్న ఇంటిలో మూడు పడకగదులు, ఒక పెద్ద హాలు ఉన్నాయి. మగవాళ్ళు గదుల్లో సర్దుకుంటారని, ఆడవాళ్ళమూ పిల్లలమూ హాల్లో వరుసగా పరుపులు పరుచుకొని పడుకుందామని, బాబును తనకూ ఆడపడుచుకూ మధ్య పడుకోబెట్టుకొని పాలవేళకు మాత్రం నాకు అందిస్తానని అత్తయ్య అంటున్నారు. "నీకూ నాలుగు గంటలు నిద్ర దొరుకుతుంది" అని ప్రేమగానే అంటున్నారు. ఇంటి దగ్గర బాబు మా మంచం పక్కనే చిన్న తొట్టిలో పడుకుంటాడు, కాని ఆ తొట్టి కారులో పట్టదు. అంత చలిలో పసివాణ్ణి విడిగా ఎలా పడుకోబెడతావని అందరూ అడుగుతున్నారు. మా వారేమో "మూడు రాత్రులే కదా, సర్దుకుందాం" అంటున్నారు. ఆ మాట నా మనసుకు ఎక్కడం లేదు. కాదంటే అత్తయ్య నొచ్చుకుంటారు, సరేనంటే నాకు కంటిమీద కునుకు పట్టదు. ఏం చేయమంటారు?
ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: అమ్మా, మీ వారు అన్న "మూడు రాత్రులే కదా" అన్న మాట దగ్గరే ముందుగా ఆగుతాను. అది మీ మనసుకు ఎక్కకపోవడం న్యాయమే. రోజూ పడుకునే ఇంటిలో బిడ్డ ఎటు దొర్లుతాడో, పరుపు ఎంత గట్టిదో, అర్ధరాత్రి లేచిన వారు చీకట్లో ఎటు నుంచి నడిచి వెళ్తారో ఎవరూ చెప్పకుండానే అందరికీ తెలిసి ఉంటుంది. కొత్త ఇంటిలో మొదటి రాత్రి అవేవీ తెలియవు. పైగా రోజంతా ఘాట్ రోడ్డు మీద ప్రయాణం చేసి, పొద్దుపోయాక భోజనాలు ముగించి, కబుర్లలో పడి ఏ పన్నెండు గంటలకో నడుం వాల్చిన పెద్దలది ఒళ్ళు తెలియని నిద్ర. అందుచేత ఈ మూడు రాత్రులకు మీ ఇంటిలోని ముప్పై రాత్రుల కంటె ఎక్కువ జాగ్రత్త కావాలి.

నా సలహా ఇది. బాబు మీరు పడుకునే గదిలోనే, మీ చేతికి అందేంత దగ్గరలో, తనదైన వేరే పక్క మీద వెల్లకిలా పడుకోవాలి. హాల్లో పరుపుల వరుస మధ్య మాత్రం వద్దు. తొట్టి పట్టకపోతే దానికి బదులు ఏం చేయాలో తరవాత వివరంగా చెబుతాను, ముందు కారణం చెప్పనివ్వండి, ఎందుకంటే మీరు ఇంట్లో పదిమందికి ఆ కారణం చెప్పవలసి వస్తుంది.

ఏ జబ్బూ లేని పసిబిడ్డ నిద్రలోనే ప్రాణం కోల్పోవడం అరుదే గాని, జరిగే విషాదమే. అటువంటి మరణాల్లో నూటికి తొంభై దాకా ఆరు నెలల వయసు లోపే జరుగుతాయి, వాటిలోనూ ఒకటి నుంచి నాలుగు నెలల మధ్య కాలం మరీ గడ్డుది. మీ బాబు ఆ గడ్డు కాలం నుంచి బయటికి వస్తున్నాడు గాని ఇంకా పూర్తిగా దాటలేదు. 1994లో అమెరికాలో పసిపిల్లలను వెల్లకిలా పడుకోబెట్టమని పెద్ద ఎత్తున ప్రచారం మొదలుపెట్టారు. ఆ తరవాతి పదేళ్ళలో అక్కడ ఈ హఠాన్మరణాలు సగానికి పైగా తగ్గాయి. మందు లేదు, శస్త్రచికిత్స లేదు, పడుకోబెట్టే తీరు మారింది, అంతే. నా వృత్తి జీవితంలో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత మేలు చేసిన సలహా మరొకటి చూడలేదు. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2022లో వెలువరించిన సూచనలలో కూడా కనీసం మొదటి ఆరు నెలలు బిడ్డ తల్లిదండ్రుల గదిలోనే, కాని వారి పరుపు మీద కాకుండా, గట్టిగా చదునుగా ఉండే వేరే పక్క మీద పడుకోవాలని చెప్పారు.

మన ఇళ్ళలో తల్లి పక్కలో బిడ్డ పడుకోవడం తరతరాలుగా ఉన్నదే కదా అని మీ అత్తగారు అడుగుతారు, అడగడం సబబే. అయితే ఆ తరాల తల్లి చాప మీదనో, నులక మంచం మీద పరిచిన పాత చీరల బొంత మీదనో, ఒక్క దుప్పటితో పడుకునేది. ఇప్పుడు అద్దె ఇళ్ళలో మనకు ఇచ్చేవి ఒళ్ళు వాలిస్తే జానెడు లోపలికి దిగే స్పాంజి పరుపులు, బరువైన రజాయిలు, మనిషికి రెండేసి దిండ్లు. అలవాటు పాతదే, పక్క మాత్రం పాతది కాదు. పైగా ఒక తల్లి పక్కలో ఒక బిడ్డ ఉండటం వేరు, నలుగురైదుగురు పడుకున్న వరుసలో, అందులోనూ నిద్రలో కాళ్ళూ చేతులూ విసిరే ఆరేడేళ్ళ పిల్లలు ఉన్న వరుసలో, ఐదు నెలల బిడ్డ ఉండటం వేరు.

నా అనుభవం ఒకటి చెబుతాను. దాదాపు ముప్పై ఏళ్ళ కిందట మా మరిది పెళ్ళికి విడిది ఇంటిలో మేమంతా ఇలాగే వరుసగా పడుకున్నాము. అద్దెకు తెచ్చిన పరుపులు గోడ నుంచి గోడ దాకా పరిచారు. మా అబ్బాయికి అప్పుడు నాలుగున్నర నెలలు. నాకూ మా పెద్దాడపడుచుకూ మధ్య పడుకోబెట్టాము. తెల్లవారుజామున ముహూర్తానికి లేవాలని ఎవరో దీపం వేస్తే మెలకువ వచ్చి చూశాను. పక్కన బిడ్డ లేడు. రెండు పరుపులు కాస్త ఎడమై, మధ్యన పడ్డ సందులోకి వాడు పక్కవాటుగా జారి, ముఖం పరుపు అంచుకు ఆనుకొని ఉన్నాడు. పైన మా ఆడపడుచు కప్పుకున్న దుప్పటి కొస. చంక కింద చేయి వేసి పైకి లాగితే ఒక్క క్షణం ఊరుకొని, ఆ తరవాత కెవ్వుమన్నాడు. ఆ ఏడుపు ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది. అప్పటికే నేను వైద్యం చదివినదాన్ని. అయినా "ఒక్క రాత్రే కదా" అనుకున్నాను. మా ఆడపడుచు తప్పు లేదు, అంత ఒబ్బిడిగా పిల్లలను చూసుకునే మనిషి మా ఇంట్లో మరొకరు లేరు. తప్పు ఆ సందుది. మూడు పరుపులు పక్కపక్కన వేస్తే రెండు సందులు ఉంటాయి, మనుషులు కదిలే కొద్దీ అవి వెడల్పవుతాయి. బోర్లా పడటం నేర్చి, తిరిగి వెల్లకిలా తిరగడం ఇంకా చేతకాని వయసులో బిడ్డ అటువంటి చోట ఇరుక్కుంటే తనంతట తాను బయటపడలేడు, ముఖానికి గుడ్డ అడ్డుపడితే ఏడుపు కూడా వినిపించదు.

ఇక పక్క సంగతి. ముందుగా ఇంటివారికి ఫోను చేసి పసిపిల్లల తొట్టి గాని, మడత మంచం గాని ఉందేమో అడగండి. ఉంటే ఫొటో పంపమనండి. కటకటాల మధ్య బిడ్డ ఒళ్ళు జారేంత ఎడం ఉన్నా, పరుపుకూ తొట్టి అంచుకూ మధ్య రెండు వేళ్ళ కంటె ఎక్కువ సందు ఉన్నా అది లేనట్టే లెక్క. ప్రయాణాలకు వాడే మడత తొట్టి మీ బంధువులలో ఎవరి దగ్గరైనా ఉంటే అరువు తెచ్చుకోవచ్చు, మడిస్తే కారు డిక్కీలో ఒక పెట్టె జాగాలో పడుతుంది. దానితో వచ్చిన పలచటి గట్టి పరుపు చాలు. మెత్తగా లేదని పైన మరో పరుపో బొంతో వేస్తే అంచున సందు పడుతుంది, కాబట్టి వేయకండి.

రెండూ కుదరకపోతే నేల మీదనే పక్క వేయండి, అందులో చిన్నతనమేమీ లేదు. అరకు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది, జనవరిలో పది డిగ్రీల లోపుకు పడిపోయే రాత్రులు ఉంటాయి, గచ్చు చల్లగా ఉంటుంది. కాబట్టి ముందు జంపఖానాను రెండు మడతలు వేసి, దాని మీద చాప, చాప మీద గట్టిగా కుట్టిన నూలు బొంతను ముడతలు లేకుండా పరచండి. అరచేతితో గట్టిగా నొక్కి తీసినప్పుడు గుంట నిలవకూడదు. పైన పరిచిన దుప్పటి అంచులను బొంత కిందికి దోపి, లాగినా ఊడి రాకుండా చూడండి. ఈ పక్క గోడకూ, మంచానికీ, మీ పరుపుకూ మూరెడు దూరంగా ఉండాలి. మీరు కూడా మంచం వదిలి పక్కనే నేల మీద పరుపు వేసుకుంటే చేయి చాపితే బిడ్డ అందుతాడు, రాత్రి పాలకు లేవడమూ సులువవుతుంది. గదిలోకి వచ్చేవారి నడక దారిలో పక్క పడకుండా చూసుకోండి, కాళ్ళ దగ్గర చిన్న బల్బు ఒకటి వెలుగుతూ ఉండనివ్వండి. బాబు పక్క మీద దిండు, బొమ్మ, రజాయి, మీ శాలువా ఏదీ ఉండకూడదు. ప్రయాణానికని ఎవరైనా మెడలో తాయెత్తు గాని నల్లతాడు గాని కట్టి ఉంటే నిద్రపుచ్చే ముందు తీసి పెట్టండి. నడుముకు ఉన్న మొలతాడుతో భయం లేదు.

దోమల కోసం గదిలో కాయిల్ వెలిగించవద్దు. గొడుగులా విప్పే చిన్న దోమతెర పెడితే సరిపోతుంది, అయితే దాని బట్ట ముఖానికి తగలనంత పెద్దది కావాలి. మన్యంలో మలేరియా ఉన్నది కాబట్టి చలికాలమని తెర మానకండి.

చలి దగ్గరికి వద్దాం, ఎందుకంటే మీ ఇంటిలో అందరి వాదనా అదే. బిడ్డకు వెచ్చదనం ఒంటి మీది బట్టల నుంచి రావాలి, కప్పిన దుప్పటి నుంచి కాదు. దుప్పటి జారితే చలి, ముఖం మీదికి ఎక్కితే ప్రమాదం. లోపల మెత్తటి నూలు చొక్కా, దాని మీద పాదాల దాకా కప్పే ఉన్ని దుస్తు, కాళ్ళకు మేజోళ్ళు, అన్నింటి మీద చేతులు బయటికి ఉండి నడుము కింద సంచీలా కుట్టిన స్లీపింగ్ గౌను. మీకు ఆ గదిలో ఎన్ని పొరలు అవసరమో వాడికి అంతకు ఒక్కటి ఎక్కువ. మెడ దగ్గర వదులుగా ఉండి తల లోపలికి జారే బట్ట వద్దు. బోర్లా పడుతున్నాడు కాబట్టి గుడ్డలో చుట్టి పడుకోబెట్టడం పూర్తిగా మానేయండి, చేతులు బంధించి ఉంటే బోర్లా పడ్డవాడు తల ఎత్తుకోలేడు. ఆరుబయట తిరిగేటప్పుడు కుల్లాయి పెట్టండి, గదిలో నిద్రపుచ్చేటప్పుడు తీసేయండి. పసిపిల్లల ఒంటి వేడి చాలా మటుకు తల నుంచే బయటికి పోవాలి, ఆ దారి మూసేస్తే ఒళ్ళు అతిగా వేడెక్కుతుంది. అతి వేడి కూడా ఈ వయసులో అతి చలి అంత ప్రమాదకరం. చేతులూ పాదాలూ చల్లగా తగిలితే కంగారు పడనవసరం లేదు, మెడ వెనకాలో ఛాతీ మీదో చేయి పెట్టి చూడండి. అక్కడ గోరువెచ్చగా ఉంటే చాలు, చెమట పట్టి ఉంటే ఒక పొర తీయండి.

ఇంకొక్క మాట ఎంత గట్టిగా చెప్పినా నాకు తృప్తి తీరదు. చలి ఎక్కువగా ఉందని ఎవరైనా బొగ్గుల కుంపటి తెచ్చి తలుపులు మూసిన గదిలో పెడితే, ఆ గదిలో ఎవరూ పడుకోకండి. మండే బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు, నిద్రలో ఉన్నవారిని లేపకుండానే చంపుతుంది. బిడ్డకే కాదు, పన్నెండు మందికీ ఇదే మాట. కరెంటు హీటరు ఉంటే పడుకోవడానికి గంట ముందు గదిని వెచ్చబెట్టి, పడుకునే ముందు ఆపేయండి. అలాగే జలుబు చేస్తుందని ఇంట్లో ఎవరైనా కొబ్బరినూనెలో కర్పూరం కాచి ఛాతీకి రాస్తామంటే వద్దని చెప్పండి. చర్మం గుండా గాని నోటి గుండా గాని కర్పూరం పసిపిల్లల ఒంట్లోకి చేరితే ఫిట్స్ రావచ్చు. వట్టి కొబ్బరినూనె ఎంత రాసినా ఫరవాలేదు.

అనంతగిరి ఘాట్ మలుపుల్లో కడుపులో తిప్పుతుందని చాలామంది వాంతి మాత్రలు వేసుకుంటారు. వాటిలో మత్తు కలిగించేవి ఉంటాయి, ఆ మత్తు రాత్రి దాకా వదలకపోవచ్చు. జలుబు మాత్రల్లో కూడా కొన్ని అంతే. అవి వేసుకున్నవారు గాని, ఆ సాయంత్రం మందు పుచ్చుకున్నవారు గాని, సిగరెట్టు తాగేవారు గాని బిడ్డ పక్కన పడుకోకూడదు. మీరు వేసుకోవలసి వస్తే పాలిచ్చే తల్లినని చెప్పి మీ డాక్టరును అడిగే వేసుకోండి, ఆ రాత్రి పాలు పట్టేటప్పుడు మీ వారిని మేలుకొని ఉండమనండి. ఎక్కిళ్ళు, వాంతులు అంటూ ఆ పెద్దల మాత్రలోని ముక్క బాబుకు మాత్రం ఎవరూ వేయకూడదు. వాటిలో బాగా వాడుకలో ఉన్న ప్రొమెథజీన్ రెండేళ్ళ లోపు పిల్లలకు ఊపిరి మందగించేలా చేయగలదు.

రాత్రి పాలు పట్టేటప్పుడు హాల్లోని మెత్తటి సోఫాలో కూర్చోకండి. అందరికీ నిద్ర చెడుతుందని తల్లులు బిడ్డను తీసుకొని సోఫాలోకి వెళ్తారు, అక్కడే కళ్ళు మూతపడతాయి. బిడ్డతో నిద్రపోవడానికి సోఫా కంటె ప్రమాదకరమైన చోటు ఇంట్లో మరొకటి లేదు. మీ పరుపు మీదే కూర్చొని పట్టండి. నిద్ర ముంచుకొస్తుందని అనిపిస్తే ముందే మీ దిండ్లూ రజాయీ పక్కకు నెట్టేయండి, మెలకువ రాగానే బిడ్డను తన పక్క మీదికి మార్చండి. అలా ఒకసారి కునుకు పట్టిందని మిమ్మల్ని మీరు తిట్టుకోనక్కర లేదు.

ఇప్పుడు మీ అత్తగారి మాట. నిజం చెప్పాలంటే మీ ఉత్తరంలో నాకు ఎక్కువగా కనిపించినది ఇదే. ఆవిడ మీ నిద్ర గురించి ఆలోచించారు, మనవడితో ఒక రాత్రి గడపాలని ఆశపడ్డారు. ఆ రెండూ తీసిపారేసేవి కావు. కాబట్టి ఆవిడను హాల్లో వదిలి మీరు తలుపు వేసుకోకండి. ఆవిడనే మీ గదిలోకి పిలవండి. మంచం మీద అత్తగారు, కింద పరుపు మీద మీరు, మీ పక్కన తన పక్క మీద బాబు. మీ వారు వాళ్ళ అన్నగారితో పాటు హాల్లో పడుకుంటారు. వాంతి మాత్ర వేసుకోవలసి వచ్చిన రాత్రి మాత్రం మీ వారి బదులు అత్తగారిని తోడుగా మేలుకొమ్మని అడగండి. పన్నెండు మందికి మూడు గదుల్లో ఒకటి ఇలా పోయినా, తక్కిన రెండు గదులూ హాలూ మిగిలినవారికి సరిపోతాయి. మీ గది స్నానాల గదికి దగ్గరగా, టీవీకి దూరంగా ఉండేది అడిగి తీసుకోండి. అది గారాబం కాదు, అర్ధరాత్రి గుడ్డలు మార్చేవారికి అవసరం.

ఈ మాట మీరు కాదు, మీ వారు చెప్పాలి. వాళ్ళ అమ్మతో వాళ్ళ అబ్బాయి చెబితే అది ఇంటి ఏర్పాటు, కోడలు చెబితే అదే మాట తగువుగా వినిపిస్తుంది. అరకు చేరాక హాల్లో అందరూ పరుపులు పరుస్తుండగా కాదు, బయలుదేరడానికి వారం ముందే, ఆవిడ తీరికగా కాఫీ తాగేవేళ చెప్పమనండి. "అమ్మా, రాత్రి వాడు వేరే పక్క మీద పడుకోవాలని డాక్టరు చెప్పింది. నువ్వు కూడా ఆ గదిలోనే ఉండు, నీ కోడలికి తోడుగా ఉంటుంది. తెల్లవారి వాడు లేచాక వాణ్ణి నువ్వే తీసుకో, తను ఇంకో రెండు గంటలు పడుకుంటుంది" అంటే సరిపోతుంది. ఐదు నెలల పిల్లలు చాలామంది తెల్లవారుజామునే లేచి కిలకిలలు మొదలుపెడతారు. పొగమంచులో శాలువా కప్పుకొని, మనవణ్ణి భుజాన వేసుకొని, వసారాలో నడిచే ఆ రెండు గంటలు ఏ నాయనమ్మకైనా రాత్రి నిద్ర కంటె విలువైనవి. పగటి నిద్రలలో ఒకటి కూడా ఆవిడ ఒడిలో పోనివ్వండి, ఆవిడ మెలకువగా ఉండి చూస్తూ ఉంటే చాలు.

పగటి నిద్ర విషయం తేలిక. ఈ వయసు పిల్లలకు రోజు మొత్తం మీద 12 నుంచి 16 గంటల నిద్ర కావాలి, అందులో కొంత పగలు పోవాలి. బొర్రా గుహల మెట్లు దిగి ఎక్కేటంత సేపు ఒకరు బాబుతో ఆగిపోతే సరి, వంతులు వేసుకోండి. కారులో సీటులో నిద్రపోతే ప్రయాణం సాగినంత సేపు ఫరవాలేదు, దిగాక ఆ సీటుతోనే గదిలో ఒక మూల పెట్టకుండా చదునైన పక్క మీదికి మార్చండి. కూర్చున్న భంగిమలో గడ్డం ఛాతీకి ఆని ఊపిరికి అడ్డు పడవచ్చు.

బయలుదేరే ముందు నాలుగు రాత్రులు ఇంటి దగ్గరే ఆ జంపఖానా, ఆ చాప, ఆ బొంత వేసి పడుకోబెట్టి చూడండి. ఏడిస్తే ఇక్కడే ఏడుస్తాడు, మీకూ చేయి తిరుగుతుంది. ఆ పరిచిన దుప్పటిని ఉతక్కుండా అలాగే మడిచి తీసుకువెళ్ళండి, కొత్త చోట వాడికి తెలిసిన వాసన అదొక్కటే. మొదటి రాత్రి ఏడుస్తాడు, అందరికీ ముందే చెప్పి ఉంచండి.

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. నా వయసు 61. డల్లాస్‌లో ఉన్న మా అమ్మాయికి పాప పుట్టి మూడు నెలలైంది. వచ్చే నెల నేను వెళ్తున్నాను. నేను వెళ్ళాక వియ్యాలవారితో కలిసి అందరం ఒక సరస్సు పక్కన ఇల్లు తీసుకొని నాలుగు రోజులు గడుపుతామట. పాప తల గుండ్రంగా రావాలని ఆవాల దిండు కుట్టాను, ఉయ్యాల కట్టడానికి మెత్తటి పాత చీర తీసిపెట్టాను. రెండూ వద్దని అమ్మాయి ఫోనులో ఖరాఖండిగా చెప్పింది. తనను నేను ఆ చీర ఉయ్యాలలోనే పెంచాను. నా పెంపకమే తప్పన్నట్టు అనిపించి రెండు రోజులు అన్నం సహించలేదు. నాదే పొరపాటా?
ఒక అమ్మమ్మ

జవాబు: అమ్మా, మీ పెంపకం తప్పు కాదు. మీకు అప్పట్లో ఏది మంచిదని చెప్పారో అది చేశారు, మీ అమ్మాయికి ఇప్పుడు ఏది మంచిదని చెబుతున్నారో అది ఆమె చేస్తోంది. వైద్యులమైన మేము కూడా ఒకప్పుడు పిల్లలను బోర్లా పడుకోబెట్టమని చెప్పినవాళ్ళమే, తరవాత మాట మార్చుకున్నాము. మాట మార్చుకున్నందుకు సిగ్గుపడలేదు, ముందే మార్చుకోలేకపోయామని మాత్రం బాధపడ్డాము.

ఆవాల దిండు గురించి మీ అమ్మాయి మాటే సరి. మూడు నెలల బిడ్డ మెడ కిందనో తల కిందనో ఏ దిండు పెట్టినా గడ్డం కిందికి వంగి ఊపిరి దారి ఇరుకవుతుంది, కుట్టు విడితే గింజలు నోట్లోకో ముక్కులోకో పోతాయి. వెల్లకిలా పడుకునే పిల్లలకు తల వెనక కాస్త చదును కావడం నిజమే, అది చాలా మటుకు కూర్చోవడం మొదలుపెట్టాక తగ్గిపోతుంది. ఇప్పుడే చేయగలిగింది ఒకటి ఉంది, అది మీ చేతిలోనిదే. పాప మేలుకొని ఉన్నప్పుడు రోజుకు మూడు నాలుగు సార్లు, కొద్ది నిమిషాల చొప్పున, బోర్లా పడుకోబెట్టి ఎదురుగా కూర్చొని ఆడించాలి. తల వెనక భాగానికి విశ్రాంతి దొరుకుతుంది, మెడ నిలుస్తుంది.

చీర ఉయ్యాల రాత్రి నిద్రకు పనికిరాదు. చీరలో బిడ్డ వీపు విల్లులా వంగుతుంది, గడ్డం ఛాతీకి ఆనుతుంది, ముఖం బట్టలోకి తిరిగినా బయటివారికి కనబడదు. పైగా ఆ ఇంటి దూలానికి ఎంత బరువు ఆగుతుందో మనకు తెలియదు. అమెరికాలో 2022లో చేసిన చట్టం ప్రకారం పది డిగ్రీల కంటె వాలుగా ఉండే పసిపిల్లల పడకలను అమ్మడమే నిషేధించారు, తొట్టి చుట్టూ కట్టే మెత్తలను కూడా నిషేధించారు. మీ అమ్మాయి అంత ఖరాఖండిగా మాట్లాడటానికి కారణం అక్కడ ఆసుపత్రిలో బిడ్డను ఇంటికి పంపేటప్పుడే ఈ సంగతులన్నీ చెప్పి పంపడం. మీ మీద కోపం కాదు.

అక్కడ సరస్సు ఇంటిలో పాప పక్క ఎక్కడ వేయాలన్నది మీ అమ్మాయీ అల్లుడూ తేల్చుకోనివ్వండి. వియ్యపురాలు గారు కూడా మీలాగే ఏదో ఒక దిండు కుట్టి తెచ్చి ఉండవచ్చు. అప్పుడు మీరు అమ్మాయి వైపు మాట్లాడితే ఆమెకు ఎంత బలమో చెప్పలేను. తల్లి అన్న మాటను అత్తగారు తేలికగా తీసుకోరు.

దిండు ఇంట్లోనే ఉంచండి. చీర మాత్రం తప్పకుండా తీసుకువెళ్ళండి. పాత నేత చీర నాలుగు మడతలు వేసి ఎండ తగలని కిటికీ పక్కన నేల మీద పరిస్తే, పాపను బోర్లా ఆడించడానికి అంతకంటె మెత్తటిది ఆ దేశంలో ఎంత డబ్బు పెట్టినా దొరకదు. మీరూ ఆ చీర మీదే, పాప ముఖానికి ఎదురుగా, బోర్లా పడుకోండి.